తీవ్ర కుదుపులు: విమాన ప్రయాణికుడి అనుభవం

ఎగిరే విమానం చుట్టూ ఉన్న గాలి ఉన్నట్టుండి వేగాన్నో దిశనో మార్చుకుంటే విమానం కుదుపులకు లోనవుతుంది. వాడుకలో టర్బులెన్స్ అనే ఈ పరిస్థితి విమానం ఎక్కినవాళ్లందరికీ ఎంతో కొంత తెలిసిందే. గ్లాసులో నీళ్లు తొణుకుతాయి, గతుకుల రోడ్డు మీద ఆర్టీసీ బస్సులో కూర్చున్నట్టు ఉంటుంది, కాసేపటికి సర్దుకుంటుంది. తీవ్రమైన కుదుపు దీనికి పెద్దన్నలాంటిది కూడా కాదు, దాని జాతే వేరు. బెల్టు పెట్టుకున్న మనిషిని అది సీట్లోంచి పైకి లేపి బెల్టుకేసి కొడుతుంది. పెట్టుకోని మనిషిని పైకప్పుకేసి కొడుతుంది. తరచూ విమానాల్లో తిరిగేవాళ్లలోనూ దీన్ని నిజంగా చవిచూసినవాళ్లు అరుదు. చూశామని చెప్పేవాళ్లకు మాత్రం కొదవ లేదు.

వాళ్లు అబద్ధం చెప్తున్నారని కాదు. గాల్లో ఎంత కుదుపు వచ్చిందో తేల్చడానికి మనిషి ఒళ్లు నమ్మదగ్గ సాక్షి కాదు. కుదుపు మొదలవగానే విమానం కూలిపోతుందేమోనన్న భయం అందరికీ కలుగుతుంది. అది నిజమయ్యే అవకాశం దాదాపు లేదు. తన తల వెళ్లి సామాను అరకు తగులుతుందన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాదు. చాలా గాయాలు అక్కడే అవుతాయి.

కొలత

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో వాడే వర్గీకరణలో కుదుపులు తేలిక, మధ్యస్థం, తీవ్రం అని ఉంటాయి. నేల మీద నిలబడ్డప్పుడు మన మీద పనిచేసే గురుత్వ బలాన్ని ఒక జి అంటారు. కుదుపులో ఈ విలువ అర జి దాకా మారితే తేలిక, అర నుంచి ఒక జి దాకా మారితే మధ్యస్థం, ఒక జికి మించి మారితే తీవ్రం. జి విలువ సున్నాకు వస్తే మనిషి సీటు మీద బరువు లేకుండా తేలతాడు. సున్నా దాటి కిందికి వెళ్తే పైకప్పే అతనికి నేల అవుతుంది. తీవ్రమైన కుదుపులో విమానం కొన్ని క్షణాలపాటు పైలట్ అదుపులో లేకుండా పోవచ్చు. నడవడం కుదరదు, వడ్డన కుదరదు, కట్టిపెట్టని వస్తువేదీ ఉన్నచోట ఉండదు.

ఈ లెక్కతో ఒక చిక్కుంది. ఒకే గాలి చిన్న విమానాన్ని విసిరికొట్టి, పెద్ద విమానాన్ని కదిలించి వదిలేయవచ్చు. అందుకని విమానం ఎంత ఊగిందని కాక, గాలిలో ఎంత అలజడి ఉందని కొలిచే ఈడీఆర్ అనే ప్రమాణం వచ్చింది. మధ్యతరహా విమానాలకు అది 0.45 దాటితే తీవ్రం కింద లెక్క.

ఎస్‌క్యూ 321

2024 మే 20 రాత్రి లండన్ హీత్రో నుంచి 211 మంది ప్రయాణికులు, 18 మంది సిబ్బందితో బయల్దేరిన సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఎస్‌క్యూ 321 విమానం (బోయింగ్ 777) మర్నాడు మయన్మార్‌లో ఇరావతి నదీ పరీవాహక ప్రాంతం మీదుగా 37,000 అడుగుల ఎత్తులో వెళ్తోంది. అక్కడ జరిగిన ప్రమాదాన్ని సెకన్ల వారీగా చెప్పుకోవచ్చు. సింగపూర్ రవాణా భద్రతా దర్యాప్తు విభాగం ఆ నెలాఖరులోనే ఫ్లైట్ రికార్డర్ల లెక్కలు బయటపెట్టింది.

మొదట దాదాపు 19 సెకన్లపాటు జి విలువ 0.44కూ 1.57కూ మధ్య ఊగింది. అదే సమయంలో ఎవరూ చెప్పకుండానే విమానం పైకి లేచి 37,362 అడుగులకు చేరింది. ఆటోపైలట్ దాన్ని కిందికి దించే ప్రయత్నం చేసింది. పైలట్లలో ఒకరు సీటు బెల్టు గుర్తు వెలిగించినట్టు పైకి చెప్పారు. ఆ మాట తర్వాత ఎనిమిది సెకన్లకు జి విలువ 0.6 సెకను వ్యవధిలో 1.35 నుంచి మైనస్ 1.5కు పడిపోయింది. బెల్టు లేనివాళ్లు గాల్లోకి లేచింది అప్పుడే. తర్వాతి నాలుగు సెకన్లలో విలువ మళ్లీ ప్లస్ 1.5కు వచ్చింది. లేచినవాళ్లు కిందపడింది అప్పుడు. ఇంతలో విమానం కోల్పోయిన ఎత్తు 178 అడుగులు, అంటే 54 మీటర్లు. పైలట్లు 21 సెకన్లపాటు విమానాన్ని స్వయంగా నడిపి స్థిరపరిచారు.

విమానం మూడు నిమిషాల్లో 6,000 అడుగులు పడిపోయిందని మొదటి రోజు ప్రపంచమంతా వార్త వచ్చింది. ఆ దిగడం నిజమే. కానీ అది కుదుపు ముగిసిన 17 నిమిషాల తర్వాత, బ్యాంకాక్ వైపు మళ్లే క్రమంలో, పైలట్లు కావాలని 37,000 నుంచి 31,000 అడుగులకు చేసిన మామూలు అవరోహణ. ఈ దిద్దుబాటు మొదటి వార్త చేరినంత దూరం చేరలేదు. ఇప్పటికీ చాలామంది మనసులో ఎస్‌క్యూ 321 అంటే 6,000 అడుగులే.

73 ఏళ్ల బ్రిటిష్ ప్రయాణికుడు ఒకరు చనిపోయారు. గుండెపోటు కావచ్చని అధికారులు అనుమానించారు. పదుల సంఖ్యలో గాయపడ్డారు. బ్యాంకాక్ ఆస్పత్రిలో చేరినవాళ్లలో 22 మందికి వెన్నెముక లేదా వెన్నుపాము దెబ్బలు, ఆరుగురికి తల దెబ్బలు ఉన్నాయని ఆస్పత్రి చెప్పింది. అల్పాహారం వడ్డిస్తున్న వేళ కావడంతో ట్రాలీలు నడవాల్లోనే ఉన్నాయి. కొందరు మరుగుదొడ్డి దగ్గర ఉన్నారు. బెల్టు గుర్తు వెలగడానికీ తల పైకప్పుకు తగలడానికీ మధ్య ఉన్నవి ఎనిమిది సెకన్లు. నిద్రలోంచి లేచి, దుప్పటి కింద బకిల్ వెతుక్కుని, రెండు కొసలూ కలపడానికి అవి చాలవు.

ఒళ్లు చెప్పే లెక్క

178 అడుగులు 6,000 అడుగుల్లా ఎందుకు అనిపిస్తుంది? మన లోపలి చెవిలో సున్నపు స్ఫటికాల పొర ఒకటుంటుంది. తల కదిలినప్పుడు, వేగం మారినప్పుడు అది జరిగి మెదడుకు కబురు పంపుతుంది. అది పసిగట్టేది వేగంలో మార్పునే. ఎంత దూరం పడ్డామన్నది దానికి తెలియదు. ఆ లెక్క కట్టడానికి కన్ను సాయపడాలి. క్యాబిన్‌లో కంటికి కనిపించే గోడలూ సీట్లూ అన్నీ మనతోపాటే కదులుతుంటాయి. కిటికీ పక్కన కూర్చుని దిగంతం చూసేవాడికి కాస్త ఊరట ఉండేది అందుకే. రాత్రి పూటో మబ్బులోనో అదీ లేదు.

చప్పుడు భయాన్ని పెంచుతుంది. సామాను అరల తలుపులు కిటకిటలాడతాయి, కొన్ని తెరుచుకుంటాయి. వంటగదిలో లోహపు పెట్టెలు మోగుతాయి. పైకప్పు ప్యానెళ్లకు తలలు తగిలి, వాటి వెనకున్న ఆక్సిజన్ మాస్కులు ఊడి వేలాడతాయి. క్యాబిన్‌లో గాలి పీడనం తగ్గిందేమోనని జనం మరింత కంగారుపడతారు, నిజానికి అక్కడ పీడనానికి ఏమీ కాదు. 2024 జులైలో మాడ్రిడ్ నుంచి మాంటెవిడియోకు వెళ్తూ బ్రెజిల్‌లోని నటాల్‌లో దిగిన ఎయిర్ యూరోపా విమానంలో ఒక ప్రయాణికుడు సామాను అరలో ఇరుక్కుపోతే తోటివాళ్లు కిందికి దించిన వీడియో అందరూ చూశారు. వేడి కాఫీ, టీ ఒంటి మీద పడి కాలిన గాయాలూ మామూలే.

పైకి లేవడంలో తల, మెడ దెబ్బతింటాయి. కిందపడడంలో వెన్నుపూసలు, చీలమండలు విరుగుతాయి. పడే చోటు ఎప్పుడూ మెత్తటి సీటు కాదు. చేయి ఆనించే పిడి మీదో, సీటు అంచు మీదో, పక్కవాడి మీదో పడతారు. ఇలా మీద పడ్డవాళ్ల వల్ల బెల్టు పెట్టుకున్నవాళ్లకూ గాయాలవుతాయి. వయసు మీద పడి ఎముకలు గుల్లబారినవాళ్లకు చిన్న పతనమే చాలు. అమెరికాలో పిల్లల దగ్గరికి దోహా, దుబాయ్‌ల మీదుగా వెళ్లే మన పెద్దవాళ్లకు ఇది వర్తిస్తుంది. ఇంగ్లిషులో వచ్చే ప్రకటన సగం అర్థమై సగం కాక, పదిహేను గంటల ప్రయాణంలో కాళ్లు లాగి లేచి తిరిగేది వాళ్లే. ఒళ్లో పసిబిడ్డ ఉంటే చెప్పనే అక్కర్లేదు. తీవ్ర కుదుపులో బిడ్డను చేతులతో పట్టుకుని ఆపగల బలం ఎవరికీ ఉండదు. పసివాళ్లకు విడిగా సీటు, దానికి తగిన రక్షణ ఉండాలని అమెరికా రవాణా భద్రతా మండలి ఎన్నేళ్లుగానో చెబుతోంది. రెండేళ్లలోపు వాళ్లను ఒళ్లో కూర్చోబెట్టుకోవడానికి అక్కడి నిబంధనలు ఇప్పటికీ ఒప్పుకుంటున్నాయి.

అన్నిటికన్నా ఎక్కువ దెబ్బలు తినేది సిబ్బంది. 2009 నుంచి 2022 దాకా అమెరికా విమానాల్లో కుదుపుల వల్ల తీవ్రంగా గాయపడిన 163 మందిలో 129 మంది వాళ్లేనని అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ లెక్క. ప్రయాణికులు 34 మంది. కారణం వెతకనక్కర్లేదు: అందరూ కూర్చున్నప్పుడు వాళ్లు నిలబడి ఉంటారు, మనిషికన్నా బరువైన ట్రాలీ పక్కన. సమయం చిక్కకపోతే నడవాలో నేల మీదే కూర్చుని సీటు కాళ్లనో పిడులనో పట్టుకోవడం వాళ్లకు నేర్పే పాఠాల్లో ఒకటి. బెల్టు పెట్టుకోమని చెప్పిన ఎయిర్‌హోస్టెస్‌తో వాదించే పెద్దమనుషులు ఈ 129 అంకెను గుర్తుపెట్టుకుంటే మంచిది.

గాలి ఎందుకు చెదురుతుంది

ఎయిర్ పాకెట్‌లో పడ్డామని అంటుంటారు గానీ, ఆకాశంలో గాలి లేని గుంటలు ఉండవు. పైకి తోసే గాలి, కిందికి నొక్కే గాలి పక్కపక్కనే ఉంటాయి. ఒకదాన్నుంచి ఇంకోదానిలోకి విమానం గంటకు దాదాపు 900 కిలోమీటర్ల వేగంతో దూరుతుంది.

మేఘాల్లో పుట్టే కుదుపు చాలా బలమైనది. ఉరుములతో కూడిన క్యుములోనింబస్ మేఘం లోపల పైకి వెళ్లే గాలీ కిందికి దిగే గాలీ రెండూ భీకరంగా ఉంటాయి. మేఘం బయట, దాని నెత్తిమీద కూడా అలజడి ఉంటుంది. 2022 డిసెంబర్ 18న ఫీనిక్స్ నుంచి హొనొలులు వెళ్తున్న హవాయియన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ ఎ330 పైలట్లు, ఒక మేఘం పొగలా నిట్టనిలువుగా తమ ముందుకు లేచిందని, తప్పుకునే వ్యవధి దొరకలేదని దర్యాప్తు అధికారులకు చెప్పారు. ఆ విమానంలో 25 మంది గాయపడ్డారు.

మబ్బు తునక కూడా లేని నీలాకాశంలో వచ్చేది రెండో రకం. పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున జెట్ స్ట్రీమ్ అనే వేగపు గాలులు నదుల్లా పారుతుంటాయి. వాటి అంచుల్లో ఒక పొర గాలి ఇంకో పొర మీద వేరే వేగంతో జారుతుంది. తేడా ఒక హద్దు దాటితే పొరలు మడతలు పడి, సుడులై విరుగుతాయి. కంటికీ కనిపించదు, విమానం ముక్కులోని వాతావరణ రాడార్‌కూ కనిపించదు. రాడార్ చూడగలిగేది నీటి చుక్కల్నే.

కొండలు దాటిన గాలి అవతలివైపు అలలుగా లేస్తుంది. 1966 మార్చి 5న టోక్యో హనెడా నుంచి హాంకాంగ్ బయల్దేరిన బీఓఏసీ 911 విమానం ఫుజి పర్వతం దగ్గర ఇలాంటి అలలో చిక్కి గాల్లోనే ముక్కలైంది. 124 మంది చనిపోయారు. శిథిలాల్లో ఒక ప్రయాణికుడి 8 ఎంఎం సినిమా కెమెరా దొరికింది. ఫిల్ములో యమనాకా సరస్సు కనిపిస్తుంది, తర్వాత రెండు ఫ్రేములు దాటిపోతాయి, ఆపైన సీట్లదో తివాచీదో తెలియని మసక, అంతటితో ఫిల్ము ఆగిపోతుంది. తీవ్ర కుదుపు ప్రయాణికుడికి ఎలా కనిపిస్తుందో చెప్పే సాక్ష్యాల్లో ఇంతకన్నా కఠోరమైనది లేదు.

పెద్ద విమానం రెక్కల కొసల నుంచి వెనక్కి వదిలే సుడులు మరో రకం. రన్‌వే మీద విమానాల మధ్య ఎడం పాటించేది వీటి కోసమే.

మన ఆకాశం

మన దగ్గర ఎండాకాలం మధ్యాహ్నాల్లో శంషాబాద్‌లోనో గన్నవరంలోనో దిగుతుంటే విమానం ఎగిరెగిరి పడుతుంది. కాలిన నేల మీద నుంచి లేచే వేడిగాలి పని అది. కడుపులో తిప్పుతుందే గానీ, తీవ్రమైన కుదుపు కాదు. తీవ్రమైనవి వచ్చేది మార్చి నుంచి జూన్ దాకా పెరిగే ఉరుముల మేఘాల నుంచి, వర్షాకాలంలో బంగాళాఖాతం మీద పరుచుకునే మేఘాల గుంపుల నుంచి. హైదరాబాద్, విశాఖల నుంచి సింగపూర్ వైపు వెళ్లేవాళ్లు దాటేది ఆ సముద్రాన్నే. మేఘాల తలలు విమానాలు ఎగిరే ఎత్తును దాటిపోతాయి కాబట్టి పైనుంచి వెళ్లిపోదామంటే కుదరదు, చుట్టూ తిరగాలి.

భారత వాతావరణ శాఖకు అధిపతిగా పనిచేసిన పి. కోటేశ్వరం 1950ల్లో పరిశోధించి వివరించిన తూర్పు జెట్ స్ట్రీమ్ నైరుతి రుతుపవనాల కాలంలో ద్వీపకల్పం నెత్తిమీదుగా పారుతుంది. అయితే దాని నడిమి భాగం 14 కిలోమీటర్లకు పైన ఉంటుంది కాబట్టి మన విమానాలు చాలావరకు దాని కిందనుంచే పోతాయి. శీతాకాలంలో ఉత్తర భారతం మీదికి వచ్చే పడమటి జెట్ స్ట్రీమ్ అంత దయ చూపదు.

2022 మే 1న ముంబై నుంచి దుర్గాపూర్ వెళ్తున్న స్పైస్‌జెట్ బోయింగ్ 737 దిగే సమయంలో, బెంగాల్‌లో కాలబైశాఖి గాలివానలు వచ్చే కాలంలో, తీవ్ర కుదుపుల్లో చిక్కుకుంది. జి విలువ ప్లస్ 2.64కూ మైనస్ 1.36కూ మధ్య మారిందని పౌర విమానయాన డైరెక్టరేట్ ప్రకటించింది. 14 మంది ప్రయాణికులు, ముగ్గురు సిబ్బంది గాయపడ్డారు. వాళ్లలో ఒకరు నెలల తరబడి చికిత్స పొంది చనిపోయారు.

2025 మే 21న ఢిల్లీ నుంచి శ్రీనగర్ వెళ్తున్న ఇండిగో ఎ321 పఠాన్‌కోట్ దగ్గర వడగళ్ల మేఘంలోకి వెళ్లింది. ఎడమకు, సరిహద్దు వైపు తప్పుకుంటామని పైలట్లు అడిగితే అనుమతి రాలేదు. లాహోర్‌ను అడిగినా దొరకలేదు. ఒక దశలో విమానం నిమిషానికి 8,500 అడుగుల చొప్పున దిగింది. ముక్కు పగిలిన విమానం శ్రీనగర్‌లో దిగింది, ఎవరికీ గాయాలు కాలేదు. భారత్, పాకిస్తాన్ ఒకరి విమానాలకు ఒకరు ఆకాశం మూసుకున్న రోజులవి. మేఘం పక్కనుంచి పోవడానికి చోటు ఉండాలంటే వాతావరణం ఒక్కటే అనుకూలిస్తే చాలదు.

విమానం తట్టుకుంటుందా

తట్టుకుంటుంది. సర్వీసులో ఎదురయ్యే గరిష్ఠ భారం ఎంతని లెక్కగట్టారో దానికి ఒకటిన్నర రెట్లు తట్టుకుంటేనే ప్రయాణికుల విమానానికి అనుమతి వస్తుంది. 1995లో బోయింగ్ 777 రెక్కల్ని పరీక్షలో దాదాపు 24 అడుగులు పైకి వంచితే, లెక్కగట్టిన భారానికి 154 శాతం దగ్గర విరిగాయి. కిటికీలోంచి చూసినప్పుడు రెక్క ఊగడం చూసి గుండె జారేవాళ్లు అది ఊగకపోతేనే భయపడాలి. 1981లో నెదర్లాండ్స్‌లో టోర్నడోలో చిక్కిన ఫోకర్ ఎఫ్-28 రెక్క విరిగి 17 మంది చనిపోయారు. ఆ తర్వాత ఒట్టి గాలి అలజడికే పెద్ద జెట్ విమానం గాల్లో విరిగిపోవడం దాదాపు వినబడని సంగతి. కుదుపు మొదలవగానే పైలట్లు వేగాన్ని ఆ విమానానికి నిర్దేశించిన స్థాయికి తెచ్చి, ఎత్తు మారినా పట్టించుకోకుండా రెక్కల్ని సమంగా ఉంచుతారు.

ముందే తెలిసేదెంత

ముందు వెళ్లిన విమానం పైలట్ రేడియోలో చెప్పే మాటే ఇప్పటికీ ముఖ్యమైన ఆధారం. దేశంలో ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నైలలోని వాతావరణ కార్యాలయాలు తీవ్రమైన పరిస్థితులపై హెచ్చరికలు ఇస్తాయి. విమానాలు తమంతట తామే ఈడీఆర్ కొలిచి ఒకదానికొకటి అందించుకునే వ్యవస్థను విమాన సంస్థల సంఘం ఐయాటా 2018లో మొదలుపెట్టింది. లేజర్ కాంతితో ముందున్న గాలిని పసిగట్టే లైడార్‌పై ప్రయోగాలు జరిగాయి గానీ, అది ఇంకా మామూలు విమానాలకు చేరలేదు.

కుదుపులు పెరుగుతున్నాయన్న మాటకు ఆధారం ఉంది. ఉత్తర అట్లాంటిక్ మీద ఒక సగటు చోట నిర్మలాకాశంలో తీవ్ర కుదుపులు ఉండే సమయం 1979లో ఏడాదికి 17.7 గంటలైతే, 2020కి 27.4 గంటలైందని బ్రిటన్‌లోని రెడింగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2023లో చూపారు. 55 శాతం పెరుగుదల. భూతాపంతో జెట్ స్ట్రీమ్ ఎత్తుల్లో గాలి పొరల మధ్య వేగపు తేడా పెరగడమే కారణమని వాళ్ల వివరణ. ఏడాదికి 8,760 గంటలన్న సంగతీ పక్కన పెట్టుకుని చదవాల్సిన అంకె ఇది.

సీటు, బెల్టు, పరిహారం

రెక్కల దగ్గరి సీట్లలో ఊపు తక్కువ, తోక వైపు ఎక్కువ. ఇంతకు మించి సీటు ఎంపికతో ఒరిగేదేమీ లేదు. గుర్తు వెలిగినా వెలగకపోయినా కూర్చున్నంతసేపూ బెల్టును నడుముకు కిందుగా, తొడల మీద బిగించి ఉంచుకోవడం ఒక్కటే ప్రయాణికుడి చేతిలో ఉన్న పని. నిద్రపోయేటప్పుడు దుప్పటి పైన పెట్టుకుంటే సిబ్బంది లేపరు.

ఎస్‌క్యూ 321 తర్వాత సింగపూర్ ఎయిర్‌లైన్స్ బెల్టు గుర్తు వెలిగి ఉండగా భోజనాల వడ్డన ఆపేసింది. కొరియన్ ఎయిర్ 2024 ఆగస్టు నుంచి ఎకానమీలో వేడినీళ్ల నూడుల్స్ ఇవ్వడం మానుకుంది. ఆ దేశపు ప్రయాణికులకు ఇది చిన్న త్యాగం కాదు.

అంతర్జాతీయ ప్రయాణంలో గాయపడితే పరిహారం 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం ఉంటుంది. భారత్ ఇందులో 2009లో చేరింది. ఒక నిర్ణీత మొత్తం దాకా విమాన సంస్థ తప్పు ఉందో లేదో నిరూపించనక్కర్లేదు. కానీ గాయానికి ప్రయాణికుడి నిర్లక్ష్యం కూడా కారణమని తేలితే ఆ మేరకు పరిహారం తగ్గుతుంది. గుర్తు వెలిగి ఉండగా బెల్టు తీసేయడం ఈ వాదనకు చేజేతులా దారివ్వడమే. దావా వేయడానికి గడువు గమ్యం చేరిన రోజు నుంచి, లేదా చేరాల్సిన రోజు నుంచి, రెండేళ్లు.